పులివేషం కట్టే హక్కు: పాలకుర్తి ప్రాంతంలో జంతుపాత్రలు, వాటి సముదాయాలు

జంతువు రూపంలో ఊహించిన ఒక పాత్రను నడుమ పెట్టుకొని కొందరు మనుషులు సముదాయంగా ఏర్పడడం, ఆ పాత్ర వేషం కట్టడం, దాని కథ చెప్పుకోవడం, దాని పేరుతో తమను తాము గుర్తించుకోవడం కార్టూన్ చిత్రాలతో పుట్టిన అలవాటని నేడు చాలామంది అనుకొంటున్నారు. అమెరికాలో ఇలాంటి అభిమాన బృందాలకు నలభై ఏళ్ళు దాటిన చరిత్ర ఉన్న మాట నిజమే గాని, జంతుపాత్ర చుట్టూ సముదాయం కట్టుకొనే రివాజు తెలంగాణలో అంతకంటె చాలా పాతది. పైగా ఆ సముదాయాలను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరు చేసి చెప్పడానికి ఇక్కడి పల్లెలు ఏర్పరచుకొన్న కొలమానాలు కార్టూన్ అభిమానుల కొలమానాలకంటె కచ్చితమైనవి. ఈ విషయాన్ని పరిశీలించడానికి పాలకుర్తి అనువైన చోటు. 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ తరువాత జనగామ జిల్లాలో చేరిన ఈ మండల కేంద్రం నుంచి ఒక పక్కకు వెళితే పటచిత్రాల చేర్యాల, దాని సమీపాన మల్లన్న కొలువైన కొమురవెల్లి, మరో పక్కకు వెళితే అయినవోలు వస్తాయి. గజేంద్రుని మొరను తెలుగు చేసిన పోతన స్వస్థలంగా చెప్పుకొనే బమ్మెర ఈ మండలంలోనే ఉంది. ఇక్కడి సముదాయాలను పోల్చి చూసినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. పాత్ర ఏ జంతువుదన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో పెద్ద విలువ లేదు. ఆ వేషం కట్టే, ఆ కథ చెప్పే హక్కు ఎవరిది, ఎవరి ముందు కట్టాలి, ఎంతకాలం ఉంచుకోవాలి అన్న దాన్ని బట్టే ఒక సముదాయం మరొకదాని నుంచి వేరవుతుంది.

ఈ చరిత్రకు తొలి సాక్షి ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకొన్న పాల్కురికి సోమనాథుడు. 13వ శతాబ్దివాడని ఎక్కువమంది పరిశోధకులు భావించే ఈ కవి ద్విపదలో రాసిన బసవపురాణానికి ఇరుసు వంటిది ఒక జంతుపాత్ర: కైలాసంలో శివుని వాహనమైన నంది భూమి మీద బసవేశ్వరుడై పుట్టాడన్నది ఆ కావ్యపు మూలకథ, ఆ బసవనినే వృషాధిపుడని సంబోధిస్తూ ఆయన ఒక శతకం కూడా రాశాడు. అదే బసవపురాణంలో ఒక శివభక్తుడు కుక్క చేత వేదం పలికించి, వేదాధ్యయనం తమ సొత్తన్నవారి నోరు మూయించిన కథ కూడా ఉంది. ఇంత జంతుసంపద ఉన్న సాహిత్యం తన సముదాయాన్ని నిర్వచించిన తీరు మాత్రం జంతువుతో ముడిపడలేదు. ఎద్దును పూజించినంత మాత్రాన, ఎద్దును ఆడించినంత మాత్రాన ఎవరూ బసవని వారు కాలేరు. ఒంటి మీద ఇష్టలింగం, అంటే దీక్ష పొందిన వ్యక్తి విడవకుండా ధరించే చిన్న లింగం, ఉన్నవాడు భక్తుడు, లేనివాడు భవి. భవి అంటే సంసారబంధంలో ఉండిపోయినవాడని వీరశైవుల భావం. ఈ గీత ఎంత పదునైనదంటే అది కులాన్ని కూడా కోసుకొంటూ పోయింది. శివునికి అంబలి పెట్టిన మాదార చెన్నయ్య ఆ గీతకు లోపలివాడయ్యాడు, లింగం లేని పండితుడు బయటివాడయ్యాడు. అభిమానానికి కొలత ఉండదు గనుక ధారణకు కొలత పెట్టడం సోమనాథుని కాలపు వీరశైవులు చేసిన తెలివైన పని.

సోమనాథుని మరో కావ్యం పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం వేరొక రకం సాక్ష్యమిస్తుంది. శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసమూహాన్ని వర్ణిస్తూ ఆయన రకరకాల పదాలు పాడేవారిని, పూర్వభక్తుల చరిత్రలను నాటకాలుగా ఆడేవారిని, గడల మీద ఆడేవారిని, చీర తెర మరుగున బొమ్మలాడించేవారిని పేర్కొంటాడు. ఇక్కడ ఆడేవారు వేరు, చూసేవారు వేరు. అందరూ శివభక్తులే అయినా ఆటగాళ్ళు మళ్ళీ తమలో తాము వాద్యాన్ని బట్టి, తెరను బట్టి, కథను బట్టి విడివిడి బృందాలుగా కనిపిస్తారు. ఆ తరువాతి శతాబ్దాల్లో తెలంగాణ పల్లెల్లో బలపడిన వృత్తి విభజనకు బీజాలు ఈ జాబితాలో ఉన్నాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

భక్తుడే జంతువుగా మారే సంప్రదాయం మల్లన్న ఆరాధనలో ఉంది. ఓరుగల్లు వీధులను వర్ణించే 15వ శతాబ్దపు కావ్యం క్రీడాభిరామం మైలారు దేవుని కొలిచే వీరభటులను, గొరగ పడుచు నృత్యాన్ని చూపిస్తుంది. మైలారు, మల్లన్న, ఖండోబా అనే పేర్లు తెలుగు, కన్నడ, మరాఠీ ప్రాంతాలలో విస్తరించిన ఒకే దైవానికి చెందినవని, ఆ దైవం వెంట కుక్క ఉంటుందని గుర్తుంచుకొంటే, కర్ణాటకలోని గొరవయ్యలు ఎలుగుబంటి బొచ్చు టోపీ పెట్టుకొని, తాము దేవుని కుక్కలమని చెప్పుకొంటూ మొరగడం, మహారాష్ట్రలో ఖండోబాకు మొక్కుగా సమర్పితులైన వాఘ్యాలు పులిచర్మపు సంచిలో పసుపు ఉంచుకోవడం అర్థమవుతాయి. అది ప్రదర్శన కోసం కట్టిన వేషమని అంటే వారు ఒప్పుకోరు. దేవుని ముందు తమ స్థానం ఏమిటో చెప్పే ప్రకటన అది. తెలంగాణ వైపు ఈ ఆరాధన మరో రూపం తీసుకొంది. కొమురవెల్లిలోను, సంక్రాంతి నుంచి ఉగాది వరకు జాతర సాగే అయినవోలులోను మల్లన్నకు ఒగ్గు పూజారులు పట్నం వేస్తారు, అంటే పసుపు మొదలైన పొడులతో నేల మీద ముగ్గు రూపంలో దేవుని కొలువును గీసి పూజిస్తారు. ఒగ్గు అంటే శివుని డమరుకం. ఆ పేరుతోనే ప్రసిద్ధమైన ఒగ్గుకథ చెప్పేవారిలో కురుమలు, యాదవులు ముఖ్యులు. కురుమల కులకథలో గొర్రెలు పుట్టలోంచి వెలువడతాయి, వాటిని కాచే బాధ్యత ఆ కులం మీద పడుతుంది. జనగామ ప్రాంతంలోని మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం వరకు తీసుకొని వెళ్ళి 2017లో కన్నుమూశాడు. ఆయన కథను హైదరాబాదులో, ఢిల్లీలో మెచ్చుకొన్న శ్రోతలు వేలమంది ఉంటారు, అయినా వారిలో ఎవరూ ఒగ్గువారు కారు, కావాలని కోరుకోరు కూడా.

ఈ ప్రాంతంలో అన్నిటికంటె కట్టుదిట్టమైన విభజన కులపురాణాలు చెప్పేవారిది. కులపురాణం అంటే ఒక కులం ఎలా పుట్టింది, దాని మూలపురుషుడు ఎవరు, దాని వృత్తి ఏ దేవుడు ఇచ్చాడు అని చెప్పే కథ. దాన్ని ఆ కులం వారు స్వయంగా చెప్పుకోరు, వారిని ఆశ్రయించిన మరో కులం వారు వచ్చి చెబుతారు. అందుకే వీరిని ఆశ్రిత కులాలు అంటారు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడ జెట్టివారు, చాకలివారికి పటంవారు, మంగలివారికి అద్దపువారు, గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు, చిందువారు ఇలా కథ చెప్పే వారసులు. పద్మశాలీల కథలో మార్కండేయుని వంశానికి చెందిన భావనారుషి పులిని వాహనంగా చేసుకొంటాడు. మందెచ్చులవారి కాటమరాజు కథలో పశువుల మేత కోసం, పుల్లరి అనే మేత పన్ను తగవుతో యాదవ వీరులు నల్లసిద్ధి అనే రాజుతో పోరాడతారు. చిందువారు, డక్కలివారు చెప్పే జాంబపురాణంలో భూమి పుట్టక ముందే పుట్టినవాడు జాంబవుడు, కామధేనువు కథ అందులో కీలక ఘట్టం. పులి, ఆవు వంటి జంతువులు ఇక్కడ వట్టి వాహనాలు కావు. తమ కులం లోకంలో ఏ మెట్టు మీద ఉండాలన్న వాదనకు అవి సాక్షులు.

ఈ కథలకు బొమ్మ కట్టే పని చేర్యాల నకాశీలది. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించి రుబ్బిన చింతగింజల గుజ్జు కలిపి ఒకదాని మీద ఒకటిగా పూతలు పూసి, ఎండిన తరువాత ఉడుత వెంట్రుకల కుంచెతో గీతలు గీసి, బొమ్మల వెనుక నేపథ్యాన్ని ఇంగిలీకపు ఎరుపుతో నింపుతారు. సుమారు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులకు మించిన పొడవు ఉండే ఈ పటాన్ని కర్రకు చుట్టి, కథ సాగే కొద్దీ ఒక్కొక్క గడిని విప్పి చూపుతారు; చీకటి పడిన తరువాత దీపం వెలుగులో దూరాన కూర్చున్నవారికి కూడా పాత్ర గుర్తు పట్టడానికి వీలుగా రంగులు ముదురుగా, ముఖాలు పక్కకు తిరిగి ఉండేలా వేస్తారు. మందెచ్చులవారి బొమ్మలకు, ముఖాలకు తేలికైన పొణికి కర్ర, రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు వాడతారు. ఒకే నకాశీ ఇంటిలో ఒకే కుంచెతో కూనపులివారి పులీ, మందెచ్చులవారి ఆవూ తయారైనా, పటం చేతులు మారిన తరువాత ఒకరి పటాన్ని మరొకరు విప్పడానికి వీల్లేదు. చేర్యాల పటచిత్రాలకు 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు కాపాడేది గీసేవారి హక్కునే, చెప్పేవారి హక్కు దాని పరిధిలోకి రాలేదు.

చెప్పేవారి హక్కు వేరే పద్ధతిలో నడిచింది. ఒక్కొక్క కుటుంబానికి కొన్ని ఊళ్ళు మిరాశీగా, అంటే వంశపారంపర్యంగా అనుభవించే హక్కుగా ఉండేవి. ఏడాదికో రెండేళ్ళకో వచ్చి, రెండు మూడు రాత్రులు కథ చెప్పి, ధాన్యమో డబ్బో తీసుకొని వెళ్ళేవారు, మరో కుటుంబం ఆ ఊరిలో అడుగు పెడితే తగవు పంచాయితీకి ఎక్కేది. ఊళ్ళను కూతురి పెళ్ళికి కట్నంగా ఇచ్చుకొన్న సందర్భాలు, అప్పుకు తాకట్టు పెట్టుకొన్న సందర్భాలు జానపద పరిశోధకులు నమోదు చేశారు. కథ మీద ఇష్టం ఉండడానికి, కథ మీద హక్కు ఉండడానికి మధ్య ఇంతకంటె స్పష్టమైన తేడా మరొకటి దొరకదు. ఈ వ్యవస్థను మురిపెంగా తలచుకోవడంలో ఒక ప్రమాదం ఉందని కూడా చెప్పాలి. డక్కలివారిని మాదిగల ఇళ్ళలోకి కూడా రానీయని అంటరానితనం ఇందులో భాగమే. హక్కు ఉన్నవాడికి గౌరవం కూడా ఉండేదని అనుకోవడం పొరపాటు.

పీర్ల పండుగ పులివేషానికి ఈ కులనియమం వర్తించదు. మొహర్రం నెలలో తెలంగాణ పల్లెల్లో పీరీలను, అంటే ఇమాముల స్మృతిచిహ్నాలైన లోహపు పంజాలను, రంగు బట్టలతో నిలిపి, నిప్పుల గుండం చుట్టూ అలాయి ఆట ఆడే ఈ పండుగలో ముస్లింలతో పాటు అన్ని కులాల హిందువులూ పాల్గొంటారు. బిడ్డకు జబ్బు నయమైతేనో, సంతానం కలిగితేనో పులివేషం కడతామని మొక్కుకొంటారు. మొక్కు తీర్చే రోజున గోచి తప్ప ఒంటి మీద బట్ట లేకుండా నిలబెట్టి, మెడ నుంచి పాదం వరకు పసుపుపచ్చ రంగు పట్టించి, అది ఆరే వరకు చేతులు చాచి ఉంచి, ఆ తరువాత నల్లచారలు దిద్ది, నడుముకు తోక కట్టి డప్పు ముందు వదులుతారు. దరువు మారినప్పుడల్లా పులి వంగడం, పొంచడం, దూకడం చేస్తుంది. ఏలూరు ప్రాంతానికి చెందిన జాఫర్ షరీఫ్ రాయగా హెర్క్‌లాట్స్ ఇంగ్లీషు చేసి 1832లో ప్రచురించిన కానూన్-ఇ-ఇస్లాం గ్రంథం దక్కనీ మొహర్రం వేషాల వరుసలో ఈ చారల పులిని కూడా చేర్చింది కనుక ఇది కనీసం రెండు వందల ఏళ్ళ నాటి ఆచారం. ఇక్కడ వేషానికి వారసత్వం లేదు, కులం లేదు. ఉన్నదల్లా గడువు: పండుగ ముగిసి రంగు కడిగిన మరుక్షణం పులి మళ్ళీ రైతో, కూలీయో అవుతాడు, మరుసటి ఏడు మొక్కు లేకపోతే అతనికి పులితో సంబంధమే ఉండదు. మంగళూరులో నవరాత్రికి, త్రిశూరులో ఓణానికి కట్టే పులివేషాలు చూడడానికి ఇలాగే ఉన్నా, అక్కడ పోటీలు పెట్టే సంఘాలు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటాయి. పాలకుర్తి వైపు పులులకు అలాంటి సంఘం అవసరం రాలేదు.

పగటివేషగాడి సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. తెర, రంగస్థలం లేకుండా పట్టపగలు ఇంటింటికీ తిరిగి ఆడే ఈ కళను వృత్తిగా చేసుకొన్న బహురూపులవంటి వారు ఒకనాడు హనుమంతుడైతే మరునాడు శక్తి, ఆ మరునాడు సోమయాజులు; ఏ ఒక్క పాత్రా వారి గుర్తింపు కాదు, పాత్రలు మార్చగలగడమే వారి గుర్తింపు. గంగిరెద్దులవారి దగ్గర వేషం ఏకంగా జంతువుకే ఉంటుంది. రంగుల బొంత, గవ్వల పట్టీ, కొమ్ములకు కుప్పెలు కట్టించుకొని ఎద్దే పాత్రధారి అవుతుంది. కోతులను, ఎలుగుబంట్లను ఆడించే వారి బతుకుతెరువు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోను, ప్రదర్శనకు వాడరాని జంతువుల జాబితాలో కోతిని, ఎలుగుబంటిని చేర్చిన 1998 నోటిఫికేషన్‌తోను ముగిసింది. నిజాం రాష్ట్రపు, బ్రిటిష్ ఇండియా జనాభా లెక్కలు ఇంతటి భేదాలున్న వారిలో చాలామందిని యాచకులు అనే ఒక్క గంపలో వేశాయి. మిరాశీ ఊరికి వచ్చి తన వాటా తీసుకొన్నవాడు, దారిన పోతూ చేయి చాచినవాడు లెక్కల గుమాస్తాకు ఒకటిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు గాని, తరువాతి రచయితలు ఆ గంపనే ఆధారం చేసుకోవడం విచారకరం.

ఇప్పుడు కార్టూన్ జంతువుల అభిమానులను ఈ కొలమానాల పక్కన నిలబెట్టవచ్చు. అమెరికాలో ఫర్రీలు అని పిలిచే బృందం 1980లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనంలో చిత్రకారుడు స్టీవ్ గలాచీ గీసిన జంతుపాత్రల చుట్టూ మొదలైన చర్చల నుంచి ఎదిగిందని వారి చరిత్రకారులు చెబుతారు; వారి తొలి ప్రత్యేక సమ్మేళనం 1989లో కాలిఫోర్నియాలోని కోస్టామెసాలో జరిగింది. మనిషిలా మాట్లాడే, రెండు కాళ్ళ మీద నడిచే జంతుపాత్రలను ఇష్టపడేవాడు ఎవడైనా ఫర్రీ కావచ్చు. చాలామంది తమకోసం ఫర్సోనా అనే సొంత జంతుపాత్రను కల్పించుకొంటారు; బొచ్చు సూటు కుట్టించుకొని తిరిగేవారు బయటివారికి ఎక్కువగా కనిపించినా లోపల వారి సంఖ్య తక్కువ. తమ అంతరంగం నిజంగా జంతువుదేనని భావించే థీరియన్లు తాము వేరని అంటారు. 2010లో మొదలైన మై లిటిల్ పోనీ ధారావాహికను ఇష్టపడే పెద్దవారు బ్రోనీలు, వారి ఇష్టం ఒక్క కార్యక్రమానికే పరిమితం. మిక్కీ మౌస్ బొమ్మ చొక్కా వేసుకొన్నవాడు వీరిలో ఎవరూ కాడు. ఈ విభజనలన్నిటికీ ఆధారం మనిషి తన గురించి తాను చెప్పుకొనే మాట ఒక్కటే. అందుకే అక్కడ నిర్వచనం మీద వాదన తెగదు. సోమనాథుని లింగధారణ వలె, మందెచ్చులవారి మిరాశీ వలె బయటివాడు చూసి తేల్చగల గుర్తు వారికి లేదు. థీరియన్ తన గురించి చెప్పే మాట, గొరవయ్య మొరుగు వినడానికి దగ్గరగా అనిపించవచ్చు. అయితే గొరవయ్య దేవునికి కుక్క, అతని మొరుగు వినడానికి ఒక ఆలయం, ఒక భక్తబృందం సిద్ధంగా ఉన్నాయి.

తెలుగునాట కార్టూన్ జంతువుకు కొదవ లేదు. హైదరాబాదుకు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ప్రారంభించిన ఛోటా భీమ్‌లోని జగ్గు అనే కోతి పల్లె పిల్లలందరికీ తెలుసు. ఆ పిల్లలు ప్రేక్షకులుగానే మిగిలారు, సముదాయంగా మారలేదు. సినిమా అభిమాన సంఘాలు తమ కథానాయకులను పులి అనీ సింహమనీ పిలుచుకొంటూ కటౌట్లు కట్టినా అక్కడ కొలిచేది మనిషినే, జంతువు బిరుదుగా మాత్రమే వచ్చి చేరుతుంది. అమెరికా తరహా జంతుపాత్రాభిమానం ఇక్కడ వేళ్ళూనకపోవడానికి టీవీ ఆలస్యంగా రావడం కారణమని అంటే ఒప్పుకోవడం కష్టం. జంతువు వేషం అప్పటికే కులానికో, దేవునికో, మొక్కుకో, వృత్తికో చెంది ఉన్న సమాజంలో దాన్ని ఊరికే ఇష్టంతో కట్టుకొనేవాడికి నిలబడే చోటు దొరకలేదనడమే సమంజసం.

ఆశ్రిత కులాలను కచ్చితంగా వేరు చేసి చెప్పవలసిన అవసరం ఇప్పుడు పరిశోధకులకంటె ప్రభుత్వానికి ఎక్కువగా ఏర్పడింది. కథ చెప్పించుకొనే కులాలు తగ్గి, మిరాశీ ఊళ్ళు చేజారిన తరువాత ఈ కుటుంబాల పిల్లలకు కుల ధ్రువపత్రం కూడా దొరకని పరిస్థితి చాలాకాలం కొనసాగింది. పటం మీది పులి కూనపులివారిదేనని ఊరంతటికీ తెలిసినా కార్యాలయపు జాబితాలో వారి పేరుకు వరుస లేకపోవడం అందుకు కారణం. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం వెనుకబడిన తరగతుల జాబితాలో కొత్తగా 17 కులాలను చేర్చినప్పుడు కాకిపడగల, గౌడ జెట్టి, పటంవారు, అద్దపువారు అందులో చోటు సంపాదించారు.